గోడ మీద మర్ఫీ

కిందటేడు శ్రావణంలో నిజాంపేటలో కొత్త ఫ్లాట్‌లోకి మారాం. హాల్లో సోఫా వెనక గోడ, పది అడుగుల పొడుగు, తెల్లగా ఖాళీగా ఉంది. దానికి ఏం పెట్టాలన్న దాని మీద మా ఇంట్లో నెల రోజులు చర్చ నడిచింది. మా ఆవిడ వెంకటేశ్వరస్వామి పెద్ద పటం అంది, మా అమ్మాయి హాల్లో దేవుడేంటమ్మా అంది, నేను ఏమీ పెట్టకపోతే ఏమవుతుంది అన్నాను, నా మాట ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఇంటీరియర్ చేసే కుర్రాడు, మేం అటక మీదకి ఎక్కించబోతున్న పాత మర్ఫీ రేడియోని చూసి, "అంకుల్, ఇది అదిరిపోయింది, దీన్ని కింద పెట్టి గోడంతా వింటేజ్ రేడియో థీమ్ చేసేద్దాం" అన్నాడు. వింటేజ్ అనే మాట మా అమ్మాయికి నచ్చింది. మర్ఫీ అటక ఎక్కకుండా ఆగినందుకు నాకు నచ్చింది. స్వామి పటం పూజగదిలోకి వెళ్ళింది.

నాలుగు రోజుల్లో ఆన్‌లైన్‌లో ప్రింట్లు వచ్చాయి. మొత్తం పన్నెండు. అన్నీ అమెరికావి, ఇంగ్లండువి, 1930లవి, 40లవి. నిజం చెప్పాలంటే చాలా బాగున్నాయి. పైన చర్చి గుమ్మంలా వంపు తిరిగిన చెక్క రేడియో, దాని ముందు తివాచీ మీద బోర్లా పడుకున్న ఇద్దరు పిల్లలు, కుర్చీలో పైపు నోట్లో పెట్టుకున్న తండ్రి, ఒళ్ళో ఊలు ఉండతో తల్లి. ఇంకోదాంట్లో గుత్తులు గుత్తులుగా మైకుల ముందు అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్. బ్యాంకులు మూతపడి జనం హడలిపోయి ఉన్నప్పుడు, 1933 మార్చి 12న, ఇంట్లో కూర్చుని పక్కవాడితో మాట్లాడినట్టు రేడియోలో మాట్లాడ్డం మొదలుపెట్టాడాయన. ఆర్సన్ వెల్స్ కూడా ఉన్నాడు. 1938 అక్టోబరు 30 రాత్రి, అంగారకుడి నుంచి ఎవరో దిగారని వార్తలు చదివినట్టు నాటకం వేసి, మర్నాడు విలేకరుల మధ్య నిలబడి అమాయకంగా మొహం పెట్టి సంజాయిషీ చెప్పుకుంటున్న ఫోటో. ఆ మొహంలో పశ్చాత్తాపం కంటే లోపల సంతోషమే ఎక్కువున్నట్టు నాకనిపించింది, పాతికేళ్ళైనా లేవు మరి అప్పటికి.

అన్నీ సోఫాకి ఆనించి వారం రోజులు చూశాను. ఒక సంగతి పట్టుకున్నాను. ఆ అమెరికా ఇంట్లో అందరూ రేడియో వంకే చూస్తున్నారు. అక్కడ కనపడేదేముంది, ఒక గుడ్డ, నాలుగు మరలు. కానీ మేమూ అంతే. మా ఊళ్ళో ఆదివారం నాటకం వచ్చేటప్పుడు వసారాలో పాతికమంది, ఎవరూ ఎవరి వంకా చూసేవాళ్ళు కాదు, అందరి కళ్ళూ స్టాండు మీదున్న మర్ఫీ మీదే. ఎవరైనా అడ్డంగా నిలబడితే "ఒరే పక్కకి తప్పుకో, కనపళ్ళా" అని అరిచేవాళ్ళు. ఏం కనపళ్ళా? అప్పుడెవరికీ ఆ అనుమానం రాలేదు.

అయినా ఆ ప్రింట్లు గోడెక్కించబుద్ధి కాలేదు. ఎవరింటి పిల్లలో వాళ్ళు. ఇంటికొచ్చినవాళ్ళు "వీళ్ళెవరండీ" అంటే ఏం చెప్పను? మావాళ్ళు కాదండీ, థీమ్ అండీ అని చెప్పాలా?

అలాగైతే మన రేడియో వాళ్ళ ఫోటోలు పెడదాం అనుకున్నాను. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు, అంటే మాకు రేడియో అంటే విజయవాడే. 1948 డిసెంబరు 1న మొదలైన స్టేషను. మద్రాసు అంతకు పదేళ్ళ ముందే, 1938లో వచ్చింది, హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వం వాళ్ళ దక్కన్ రేడియో ఉండేది, దాన్ని 1950 ఏప్రిల్లో ఆలిండియా రేడియో తీసుకుంది. ఇవన్నీ తర్వాత చదువుకున్నవి, మా చిన్నప్పటి లెక్కలో భూమ్మీద ఉన్నవి రెండే స్టేషన్లు, విజయవాడా, శ్రీలంక నుంచి తెలుగు పాటలు వేసే రేడియో సిలోనూ. విజయవాడ పొద్దున్న పెద్దవాళ్ళది, సిలోను మధ్యాహ్నం అక్కయ్యలది. మీనాక్షి పొన్నుదొరై గారు పాట కోరినవాళ్ళ పేర్లు వరసగా చదువుతుంటే మా ఊరి పేరు వస్తుందని మా పెద్దక్కయ్య ఎన్ని కార్డులు రాసిందో లెక్కలేదు. ఒక్కసారి కూడా రాలేదు. పక్కూరి పేరు వచ్చింది. ఆ పక్కూరి మీద ఆవిడకి ఇప్పటికీ కోపమే.

ఇంటర్నెట్‌లో కూర్చుని వెతికాను. దొరికాయి. బాలాంత్రపు రజనీకాంతరావు గారు దొరికారు, పొద్దున్నే వచ్చే భక్తిపాటల కార్యక్రమం భక్తిరంజని అనే మాట వినగానే గుర్తొచ్చే మనిషి. బాలమురళీకృష్ణ గారు మైకు ముందు కూర్చున్నది దొరికింది. ఓలేటి వెంకటేశ్వర్లు గారు, ఉషశ్రీ గారు, ఢిల్లీ నుంచి వార్తలు చదివే ఏడిద గోపాలరావు గారు. మద్రాసులో మొదలుపెట్టి తర్వాత హైదరాబాద్ నుంచి పిల్లల కార్యక్రమం నడిపిన రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు.

చూస్తున్నకొద్దీ నాకు ఏదోలా అయిపోయింది. ఎలా చెప్పాలో తెలీడం లేదు గానీ, వీళ్ళందరికీ నేను ఎప్పుడో మొహాలు పెట్టేశాను. ఉషశ్రీ గారు భారతం చెబుతుంటే ఆ గొంతుకి తగ్గ మనిషిని నేనే కట్టుకున్నాను, ఆరున్నర అడుగులు, భుజాల దాకా జుట్టు, గద మోయగలిగిన చేతులు. పొద్దున్న 6.55కి సంస్కృత వార్తలు, "ప్రవాచకః బలదేవానంద సాగరః" అని వినపడగానే నాకు నార చీరలు కట్టుకుని మర్రిచెట్టు కింద కూర్చున్న ఋషి కనపడేవాడు, ఎదురుగా ఒక జింకపిల్ల కూడా ఉండేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, కానీ ఆ పేరు ఇల్లంతా చెప్పేవాళ్ళం, ఎందుకంటే ఆ పేరు వినపడిందంటే నూతి దగ్గరికి స్నానానికి పరిగెత్తాల్సిందే. ఓలేటి వారు సంగీత శిక్షణ చెబుతుంటే మా పెద్దక్కయ్య నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని రేడియో ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేది, తప్పు పాడితే ఆయనకి వినపడుతుందేమో అన్నట్టు గొంతు తగ్గించి పాడేది. ఆయన మొహం మా అక్కయ్య ఊహించుకున్నదొకటి, నాదొకటి. ఇప్పుడు ఆ అసలు ఫోటోలు తెచ్చి గోడకి కొడితే మా ఇద్దరి ఓలేటి వార్లూ ఏమైపోవాలి?

ఆ మాటకొస్తే పొద్దున్నే స్టేషను తెరవగానే వచ్చే ఆ రాగం, దేశమంతా ఏళ్ళ తరబడి నిద్రలేచిన రాగం, కట్టింది వాల్టర్ కాఫ్‌మన్ అని హిట్లర్ బాధ పడలేక ప్రేగ్ నుంచి బొంబాయి వచ్చేసిన యూదు సంగీతకారుడు. ఇది నాకు యాభై ఏళ్ళు దాటాక తెలిసింది. అప్పటిదాకా ఆ రాగానికి నేను పెట్టుకున్న మొహం మా నాయనమ్మది, ఎందుకంటే అది మోగే వేళకి ఆవిడ కళ్ళాపి చల్లుతూ ఉండేది. కాఫ్‌మన్ గారి ఫోటో చూశాక కూడా మారలేదు, ఇప్పటికీ నాయనమ్మదే.

ఒకసారి ఏడో తరగతిలో మా బడి పిల్లల్ని పదిమందిని పిల్లల ప్రోగ్రాంకి విజయవాడ స్టేషనుకి తీసుకెళ్ళారు. స్టూడియో తలుపు నెట్టడానికి ఇద్దరు కావాల్సొచ్చింది, అంత మందం. లోపలికెళ్ళగానే చెవులు మూసుకుపోయినట్టయింది, గోడల నిండా చిన్న చిన్న చిల్లుల అట్టలు, మన మాట మనకే వేరేలా వినపడేది. కాగితం చప్పుడు చెయ్యొద్దు, కుర్చీ జరపొద్దు, ఎర్ర లైటు వెలిగాక దగ్గొద్దు అన్నారు. అన్నదే తడవు నాకు దగ్గొచ్చింది. మా బృందగానంలో రెండో చరణం మధ్యలో ఉన్న దగ్గు నాదే, ఊరంతా విన్నారు. ఆ రోజు ఫోటో మాత్రం ఎవరూ తియ్యలేదు. తీసుంటే ఈ గోడకి నడిమధ్యన అదే ఉండేది.

సరే, రేడియోలో మాట్లాడినవాళ్ళు వద్దు అనుకున్నాను. విన్నవాళ్ళని పెడదాం.

మా అమ్మాయిని తీసుకుని ఊరెళ్ళాను. ఇల్లు బాబాయి వాటాకి వచ్చింది, ఇప్పుడు డాబా. పాత సామాన్ల గదిలో మా తాతయ్య ట్రంకు పెట్టె ఉంది, తాళం ఎప్పుడో పోయింది, గడియకి తాడు కట్టి ఉంది. లోపల పొలం కాగితాలు, పెళ్ళి శుభలేఖలు, ఎల్ఐసీ రసీదులు, వాటి అడుగున నల్ల కాగితాల ఆల్బం ఒకటి. ఫోటోకీ ఫోటోకీ మధ్య సాలెగూడు డిజైను పల్చటి కాగితం ఉండే రకం. సగం పేజీల్లో నాలుగు మూలల అతుకులే మిగిలాయి, ఫోటోలు ఎవరో పీకేసుకున్నారు. మా పెద్దక్కయ్యే, సందేహం లేదు. వెండిరంగు పురుగులు కూడా కొన్ని తిన్నాయి.

ఆల్బంతో పాటు చిన్న పుస్తకం ఒకటి దొరికింది, రేడియో లైసెన్సు. ఈ కాలం పిల్లలకి చెబితే నమ్మరు. ఇంట్లో రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసుకి వెళ్ళి 15 రూపాయలు కట్టి ఆ పుస్తకంలో స్టాంపు అంటించి ముద్ర వేయించుకోవాలి. ఎనభైల నడుమ ఎత్తేశారు. మా తాతయ్య భూమి శిస్తు ఆలస్యం చేసేవాడు గానీ రేడియో లైసెన్సు ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు, తనిఖీ వాళ్ళొచ్చి రేడియో ఎత్తుకుపోతారని భయం. మా అమ్మాయి ఆ స్టాంపుల వరస చూసి "నాన్నా, ఇది ఫ్రేము కట్టించి తీరాల్సిందే" అంది. మూడు రోజుల్లో తను అన్న మొదటి తెలివైన మాట.

ఇంక ఫోటోలు. మంచివి మూడు.

మొదటిది తాతయ్యది. వెనకాల గుడివాడ స్టూడియో ముద్ర, పక్కన నీలం సిరాతో 1963 అని ఉంది. ఊళ్ళోకి కరెంటు వచ్చిన మరుసటి ఏడు మర్ఫీ కొన్నాడు, కొన్నందుకు ఫోటో తీయించాడు. మనిషిని ఊరికి పిలిపించి మరీ. పెంకుటింటి ముందు అరుగు, అరుగు మీద కుర్చీ, కుర్చీలో తాతయ్య కాదు, రేడియో! దాని మీద అల్లిక గుడ్డ. తాతయ్య పక్కన నిలబడ్డాడు, మెడలో కండువా, ఒక చెయ్యి రేడియో మీద, కొత్త పెళ్ళికొడుకు పక్కన మామగారు నిలబడ్డట్టు. రెండో పక్క నాయనమ్మ, ముక్కుపుడక తప్ప మొహంలో ఇంకేమీ స్పష్టంగా లేదు, ఎందుకంటే ఆవిడ కదిలింది. వెనక దూలం, చూరు, ఒక మూల వేపచెట్టు కొమ్మ, మధ్యలో ఆకాశం, ఆ ఆకాశానికి అడ్డంగా అక్కడక్కడా సన్నటి గీతలు, మరకలు, ఒకచోట మడత. క్యాబినెట్ సైజు.

ఆ మర్ఫీ సంగతి కొంచెం చెప్పాలి. స్విచ్ వెయ్యగానే పలికేది కాదు. లోపల వాల్వులు వేడెక్కాలి. ముందు ఆకుపచ్చ కన్ను ఒకటి మెల్లగా వెలిగేది, దాన్ని మ్యాజిక్ ఐ అనేవాళ్ళు, స్టేషను సరిగ్గా పడితే ఆ కన్ను రెప్పలు దగ్గరికొచ్చేవి. ఆ తర్వాత గరగర, ఆ తర్వాత ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు మనిషి గొంతు. వెనక అట్ట మీద చిల్లుల్లోంచి చూస్తే గాజు బుడ్డీలు ఎర్రగా కనపడేవి, వేడెక్కిన దుమ్ము వాసన వచ్చేది. నాకు రేడియో అంటే ఇప్పటికీ మొదట గుర్తొచ్చేది ఆ వాసన, తర్వాతే పాటలు. ముల్లు తిప్పే హక్కు తాతయ్యది, ఆయన లేనప్పుడు బాబాయిది, మాకెవరికీ లేదు, అందుకే స్టాండుని మా చేతికందనంత ఎత్తులో కొట్టారు. దసరాకి నాగలికీ, సైకిలుకీ, కుట్టుమిషనుకీ పెట్టినట్టే దానికీ పసుపూ కుంకుమా పెట్టేది నాయనమ్మ. సాయంత్రం పాడిపంటలు వచ్చేటప్పుడు రైతులు అరుగు మీద చేరి, ఎరువు మోతాదు చెప్పగానే "అంత వెయ్యమంటాడేంట్రా వీడు, వీడి పొలం కాదు గదా" అని రేడియోతో దెబ్బలాడేవాళ్ళు.

రెండో ఫోటో బాబాయి పెళ్ళయ్యాక స్టూడియోలో దిగింది, 1971. వెనకాల గుడ్డ మీద తెల్ల మేడ, మెట్లు, నెమలి. పిన్ని కూర్చుంది, బాబాయి నిలబడ్డాడు, ఇద్దరి మధ్య ఎత్తు స్టూలు మీద ట్రాన్సిస్టరు, తోలు కవరుతో సహా. అత్తవారు పెట్టింది అది, వాచీ, సైకిలు, ట్రాన్సిస్టరు. వాచీ కనపడ్డానికి బాబాయి చొక్కా చెయ్యి మడిచాడు. సైకిలు లోపలికి రానివ్వలేదట స్టూడియో ఆయన. సొంత రేడియో లేనివాళ్ళ కోసం స్టూడియోలోనే ఒకటి ఉండేదట, లోపల ఏమీ ఉండని డొల్ల, దాంతో పాటు టెలిఫోను కూడా. గుడివాడ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళ ఆల్బముల్లో అదే డొల్ల రేడియో ఉందో.

మూడోది నాకు ప్రాణం. మా చిన్నత్తయ్య, వెనక వాకిట్లో మెట్టు మీద కూర్చుని, అదే ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని ఉంది. బాబాయి ఎవరిదో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా అరువు తెచ్చి తీశాడు, చదరం ఫోటో, రీలుకి పన్నెండే వచ్చేవి. చెయ్యి వణికి కొంచెం అలికినట్టుంది. అలికినా ఆ మొహంలో ఒక తన్మయత్వం ఉందండీ, లోకంతో పనిలేనట్టు. చిన్నప్పట్నించీ ఆ ఫోటో చూసినప్పుడల్లా అనుకునేవాణ్ణి, అత్తయ్య ఏం వింటుందో అని.

ఆ ట్రాన్సిస్టరే 1977 నవంబరు 19న మా ఇంట్లో మాట్లాడిన ఒకే ఒక్క గొంతు. దివిసీమ ఉప్పెన రోజు. మేం సముద్రానికి దూరమే, అయినా గాలికి పెంకులు లేచిపోయాయి, కరెంటు పోయింది, మర్ఫీ మూగదైంది. టార్చిలైటులోంచి సెల్లులు తీసి ట్రాన్సిస్టరులో వేశారు. అందరం వంటింట్లో గోడ వారగా ముడుచుకుని కూర్చున్నాం, మధ్యలో అది. గరగర తప్ప ఏమీ సరిగ్గా వినపళ్ళేదు, అయినా తాతయ్య కట్టనివ్వలేదు. మర్నాడు, ఆ మర్నాడు, వేల లెక్కన చనిపోయారన్న వార్తలు అందులోనే విన్నాం. అవనిగడ్డ వైపు మా చుట్టాలున్నారు. దాని గురించి ఇక్కడ రాయను.

ఇంక ఈ మూడింటినీ బాగుచేయించడం. మొదట మా అమ్మాయి ఫోన్లో ఏదో యాప్‌లో తాతయ్య ఫోటో పెట్టింది. అర నిమిషంలో రంగుల్లో వచ్చేసింది. నాయనమ్మ సీరియల్లో అత్తగారిలా తయారైంది, కనుబొమ్మలు తీర్చి ఉన్నాయి, పైగా పళ్ళు కనపడేలా నవ్వుతోంది. మా నాయనమ్మ ఫోటోలో నవ్వడమే! నేను ఎంత గట్టిగా వద్దన్నానంటే మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

తర్వాత మా ఇంటి దగ్గర్లో ఒక స్టూడియోకి తీసుకెళ్ళాను. అక్కడి అబ్బాయి ఓపికమంతుడే. అసలువి గోడకి పెట్టొద్దంకుల్, స్కాన్ చేసి కాపీలు పెట్టుకోండి, అసలువి ఆసిడ్ లేని కవర్లలో పెట్టి బీరువాలో దాచుకోండి అన్నాడు, మెరిసే కాగితం కాకుండా మ్యాట్ అయితే లైటు పడ్డా మొహాలు కనపడతాయన్నాడు, ఫోటో అద్దానికి తగలకుండా చుట్టూ మందపాటి అట్ట కట్టించమన్నాడు. మా ఊళ్ళో ఇంట్లో ఎన్ని ఫోటోలు అద్దానికి అతుక్కుపోయి, తీయబోతే మొహం అద్దం మీదే ఉండిపోయిందో నాకు తెలుసు కాబట్టి బుద్ధిగా తలూపాను. చేత్తో రంగులు దిద్దినవి ఉంటే అసలు ముట్టుకోవద్దన్నాడు. తాతయ్య ఫోటో మడత, మరకలు, గీతలు అన్నీ పోగొట్టి, రంగులెయ్యకుండా, ఉన్న గోధుమ ఛాయ ఉన్నట్టే ఉంచి ఇచ్చాడు. ఎనిమిది వందలు. కంప్యూటర్ తెరమీద చూసి, నిన్న తీసినట్టుందయ్యా అని వాడి భుజం తట్టి వచ్చాను.

గోడ మీద పెట్టడానికి పెద్ద లెక్కేం చెయ్యలేదు. ఇంటీరియర్ కుర్రాడు అన్నీ ఒకే సైజు, గళ్ళు గీసినట్టు పెడదామన్నాడు. అలా పెడితే డాక్టరు గది అవుతుంది. పాత పేపర్లు ఫ్రేముల సైజుకి కత్తిరించి టేపుతో గోడకి అంటించి, రెండు రోజులు అటూ ఇటూ మార్చుకున్నాం, ఈ కిటుకు మాత్రం అందరికీ చెబుతాను, మేకు కొట్టాక మార్చడం నరకం. తాతయ్య కొంచెం ఎడమకి, పెద్దగా. పక్కన కింద బాబాయి దంపతులు. చిన్నత్తయ్య చదరం ఫోటో విడిగా, చుట్టూ బాగా ఖాళీ వదిలి. లైసెన్సు పుస్తకం తెరిచి పెట్టి లోతు ఫ్రేములో. బయటి ఫోటో ఒక్కటే పెట్టాను, 1947 నవంబరు 12న గాంధీజీ ఢిల్లీ ఆకాశవాణి భవనంలో మైకు ముందున్నది, ఆయన అక్కడికి వెళ్ళింది ఆ ఒక్కసారేనట, కురుక్షేత్రలో శిబిరాల్లో ఉన్న కాందిశీకులతో మాట్లాడ్డానికి. అది తాతయ్య కోసం పెట్టాను, బతికుంటే అడిగేవాడు. పడమటి ఎండ ఆ గోడ మీదకి రాకుండా కిటికీకి మందపాటి కర్టెన్ వేశాం. కింద బల్ల మీద మర్ఫీ. అది పలకదు, వాల్వులు లేవు, లోపల చిన్న బల్బు పెట్టించాడు కుర్రాడు, సాయంత్రం స్విచ్ వేస్తే డయలు వెనక వెలుగుతుంది, లండన్, మాస్కో, కొలంబో పేర్లు కనపడతాయి. అమెరికా కుటుంబాన్ని మాత్రం పారెయ్యబుద్ధి కాక మా అమ్మాయి గదిలో పెట్టాం, తివాచీ మీద పిల్లలిద్దరూ అక్కడ హాయిగానే ఉన్నారు.

వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. మూడు నెలలు నేను ఆ గోడ ముందు గైడులా నిలబడి ఉపన్యాసాలు ఇచ్చాను.

సంక్రాంతి వెళ్ళాక చిన్నత్తయ్య వచ్చింది, కంటి డాక్టరుకి చూపించుకోవడానికి. ఎనభై దాటాయి. సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, వెనక్కి తిరిగి చూడత్తయ్యా అన్నాను. తన ఫోటో చూసి చాలాసేపు ఏమీ అనలేదు. అదను దొరికింది కదా అని అడిగేశాను, యాభై ఏళ్ళుగా అడుగుదామనుకున్నది, "ఆ రోజు ఏం వింటున్నావత్తయ్యా?"

"ఏం వింటాన్రా, సెల్లులు అయిపోతే మీ బాబాయి తీసి పెంకుల మీద ఎండబెట్టాడు. ఊరికే చెవి దగ్గర పెట్టుకో, బాగుంటది అన్నాడు, పెట్టుకున్నా. ఎండ కళ్ళల్లో పడతంటే మూసుకున్నా."

మా అమ్మాయి నవ్వడం మొదలుపెట్టింది, ఆపలేదు. నేను కాఫీ తాగుతున్నట్టు గ్లాసు అడ్డం పెట్టుకున్నాను.

అత్తయ్య లేచి, గోడ పట్టుకుని, తాతయ్య ఫోటో దగ్గరికెళ్ళింది. కళ్ళజోడు పైకెత్తి, దించి, అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది. పొర వచ్చిన కళ్ళు అవి, ఆపరేషన్ చెయ్యాలన్నారు.

"ఏరియల్ ఏదిరా?"

"ఏ ఏరియల్ అత్తయ్యా?"

"మీ తాత కట్టిన తీగ. ఇదిగో, ఈ వేపచెట్టు కొమ్మ నించి ఇట్టా చూరు దాకా ఉండాలి. కట్టేటప్పుడు నిచ్చెన పట్టుకుంది నేనే గదా. రెండు కొసలా తెల్లగా పింగాణీ గుండ్లు. ఏదీ?"

పూజగదిలో బీరువాలోంచి కవరు తీసి అసలు ఫోటో తెచ్చాను. ఉంది. ఆకాశంలో అడ్డంగా, తాతయ్య తల మీదుగా. ఇన్నాళ్ళూ గీత అనుకున్నది గీత కాదు. చెట్టు దగ్గర కొసన మినప్పప్పు బద్దంత తెల్ల చుక్క, చూరు దగ్గర ఇంకోటి. స్టూడియో అబ్బాయి శుభ్రంగా తుడిచేశాడు, నేను భుజం తట్టి వచ్చాను. ఆ తీగ కింద పదిహేనేళ్ళు పెరిగినవాణ్ణి, పిడుగులప్పుడు పీకెయ్యండ్రా అని తాతయ్య అరుస్తుంటే పరిగెత్తినవాణ్ణి, మూడు నెలలు రోజూ చూస్తూ కూడా పట్టుకోలేకపోయాను.

"తీసెయ్ దాన్ని," అంది అత్తయ్య. "తీగ లేకుండా విజయవాడ ఎట్టా వస్తదిరా?"

ఆ రాత్రే మేకు మీంచి దించాను. స్టూడియో అబ్బాయికి ఫోన్ చేస్తే పాపం నొచ్చుకున్నాడు, ఈసారి డబ్బు తీసుకోనంకుల్ అన్నాడు. మొన్న శనివారం అత్తయ్యనే వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆవిడ వాడి పక్కన స్టూలేసుకుని కూర్చుని, కంప్యూటర్ తెరమీద వేలు పెట్టి, "ఇక్కడ కొంచెం జారి ఉండాల మధ్యలో, బిగుతుగా కట్టలా మా నాన్న," అని చెబుతుంటే, వాడు తెర మీద వేలిముద్రలు పడుతున్నా ఏమీ అనకుండా ఒక్కో చుక్కా వెనక్కి తెస్తున్నాడు.